కోచ్‌గా మొదటి రోజు: సాక్స్ దగ్గర మొదలుపెట్టండి

కాలేజీ టీమ్‌లో మూడేళ్లు గార్డ్‌గా (బంతిని ముందుకు నడిపే స్థానంలో) ఆడాక, మా ఊరి హైస్కూల్ అమ్మాయిలకు బాస్కెట్‌బాల్ నేర్పడానికి వెళ్లాను. మొదటి రోజే నాకొచ్చిందంతా చూపించేశాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. బంతి వాళ్ల చేతికిస్తే ఒక్కరికీ లే-అప్ (పరుగెత్తుకెళ్లి బుట్ట దగ్గర నుంచి బంతి వేయడం) పడలేదు. ఇంతలో ఎనిమిదో తరగతి పాప "అక్కా, కాలు మండుతోంది" అంటూ బూటు విప్పింది. మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ.

అప్పుడు గుర్తొచ్చారు జాన్ వుడెన్. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీకి గార్డ్‌గా ఆడి, మూడుసార్లు ఆల్-అమెరికన్‌గా, అంటే దేశంలోని ఉత్తమ కాలేజీ ఆటగాళ్లలో ఒకరిగా ఎంపికైన మనిషి. 1948 నుంచి 1975 దాకా లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీ కోచ్‌గా పది జాతీయ టైటిళ్లు గెలిపించారు. అంతటి ఆయన సీజన్ మొదలవగానే ఆటగాళ్లకు నేర్పింది సాక్స్ తొడుక్కోవడం!

మీరూ అదే చేయండి. సాక్స్ పైకి లాగాక చిటికెన వేలి దగ్గర, మడమ దగ్గర వేలితో తడిమి, ముడత లేకుండా సర్దమనండి. సాక్స్‌ను పైకి పట్టుకునే బూటు తొడగాలి. లేసు కింది రంధ్రం నుంచి ఒక్కొక్కటే బిగించుకుంటూ వచ్చి రెండు ముళ్లు వేయాలి. మన ఇళ్లలో రెండేళ్లు వస్తాయని ఒక సైజు పెద్ద బూట్లు కొంటారు. లోపల కాలు జారి బొబ్బలు వచ్చేది అందుకే. ఈ మాట తల్లిదండ్రులకు మీరే చెప్పాలి, పిల్లలు చెప్పలేరు.

మొదటి వారం షూటింగ్ వద్దు. పరుగెత్తి రెండు కాళ్ల మీద ఆగడం, ఒక కాలు కదలకుండా తిరగడం చాలు.

చూపించేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఆడినవాళ్లం కదా, చేతిలోకి బంతి వస్తే వదలాలనిపించదు. 1974-75లో ఇద్దరు పరిశోధకులు వుడెన్ ప్రాక్టీసులను కూర్చుని గమనించారు. ఆయన చేసి చూపింది ఎప్పుడో తప్ప ఐదు సెకన్లు దాటలేదు. ముందు సరైన పద్ధతి, తర్వాత ఆటగాడు చేసిన తప్పు, మళ్లీ సరైన పద్ధతి. అంతే, బంతి ఆటగాడికే. నేను ఇలా మార్చుకున్నాక లే-అప్‌లో అడుగులు తడబడటం రెండు వారాల్లో బాగా తగ్గింది.

ఏ పని ఎన్ని నిమిషాలో ముందురోజు రాత్రే కాగితం మీద రాసుకోండి. వుడెన్ చిన్న కార్డుల మీద రాసుకునేవారు. ప్రాక్టీసు అయ్యాక ఏది కుదిరిందో, ఏది కుదరలేదో పక్కనే రాసి దాచండి. వచ్చే ఏడాది కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు ముందు తీయాల్సింది ఆ కాగితాలే.