హిందూపురంలో దిగి సరిహద్దు గుడులు, కోటలు చూడవలసిన తీరు

లేపాక్షికి వచ్చేవారిలో చాలామంది వేలాడే స్తంభం కింద తువ్వాలు లాగి, నంది ముందు ఫోటో దిగి, మధ్యాహ్నానికల్లా తిరుగుముఖం పడతారు. కర్ణాటకను ఆనుకొని ఉన్న శ్రీ సత్యసాయి జిల్లా పల్లెలను సావకాశంగా చూడదలచినవారు హిందూపురంలో బస చేసి, కనీసం రెండు రోజులు కేటాయించుకోవాలి. బెంగళూరు నుంచి హిందూపురానికి రైలు ఉంది. అక్కడి నుంచి లేపాక్షి సుమారు 15 కిలోమీటర్లు. దూరపు పల్లెలకు మాత్రం బస్సును నమ్ముకోకుండా కారు మాట్లాడుకోవడం మేలు. సరిహద్దు దాటవలసి వస్తుంది కనుక, ఆ కారుకు అవతలి రాష్ట్రంలో తిరిగే పర్మిట్ ఉందో లేదో బయలుదేరే ముందే అడగాలి.

లేపాక్షికి ఉదయమే చేరుకోవాలి. ఎండ ముదిరితే చెప్పులు లేని కాళ్లకు ఆ రాతి నేల మీద నిలవడం కష్టం. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం ఇది. స్తంభం దగ్గర గుంపు ఎటూ తగ్గదు కాబట్టి, ముందు తల పైకెత్తి మండపాల కప్పును చూడండి. ఆ రంగుల చిత్రాల్లో అడవిపంది వేట ఉంది, పార్వతీ కల్యాణం ఉంది. వరుసగా నిలబడ్డ స్త్రీల చీరలను పరికించి చూస్తే ఒకరి అంచు మరొకరి అంచును పోలి ఉండదు. నా దృష్టిలో లేపాక్షి గొప్పతనం స్తంభం కంటే ఈ కప్పులోనే ఎక్కువ. చిన్న బైనాక్యులర్ వెంట ఉంటే మెడ నొప్పి తగ్గుతుంది. ఫ్లాష్ మాత్రం వాడకూడదు, రంగులు దెబ్బతింటాయి. వెనుక ఆవరణలో అసంపూర్తిగా మిగిలిన కల్యాణ మండపం దగ్గర, గోడ మీది ఎర్రని మరకలు విరూపణ్ణ తన కళ్లు పెకలించి విసిరినప్పుడు పడ్డవని చెబుతారు; దాన్ని కథగానే వినాలి. సుమారు 27 అడుగుల పొడవున్న ఏకశిలా నందిని సాయంత్రం చూస్తే మెడలోని గంటల చెక్కడం స్పష్టంగా కనిపిస్తుంది.

రెండో రోజు మడకశిర మీదుగా అమరాపురం మండలంలోని హేమావతికి వెళ్లాలి. నొళంబ పల్లవులు ఏలిన ఈ ఊరు లేపాక్షి గుడి కంటే ఐదారు వందల ఏళ్లు పాతది. ఇక్కడి సిద్ధేశ్వరుడు లింగరూపంలో కాక, కూర్చున్న మనిషి రూపంలో దర్శనమిస్తాడు. దొడ్డేశ్వరాలయంలో నల్లరాతిని తొలిచి చేసిన జాలీ కిటికీల ముందు కొంతసేపు ఆగండి. ఇక్కడి శాసనాలు కన్నడంలో ఉంటాయి. ఇప్పటి రాష్ట్రాల గీతలు ఆ కాలానికి వర్తించవు. పల్లెటూరి గుడి కనుక మధ్యాహ్నం మూసి ఉండవచ్చు. అప్పుడు పూజారి ఇల్లు ఎక్కడో ఊళ్లో మర్యాదగా అడగడమే మార్గం. దారిలో భోజనం దొరుకుతుందన్న భరోసా లేదు కాబట్టి నీళ్లు, తినుబండారాలు వెంట ఉంచుకోవాలి.

మరో పూట మిగిలితే పెనుకొండ చూడవచ్చు. 1565 తళ్లికోట యుద్ధంలో ఓడిన తరువాత విజయనగర రాజధాని ఇక్కడికే తరలింది. గగనమహల్, బాబయ్య దర్గా ఊళ్లోనే ఉన్నాయి, కొండ ఎక్కేవారు తెల్లవారకముందే బయలుదేరాలి.

తిరుగు ప్రయాణంలో సరిహద్దుకు అవతల ఉన్న విదురాశ్వత్థంలో దిగండి. వేలాది నాగప్రతిష్ఠలున్న ఈ క్షేత్రంలోనే 1938 ఏప్రిల్ 25న కాంగ్రెస్ జెండా ఎగురవేయడానికి గుమిగూడిన జనంపై మైసూరు సంస్థాన పోలీసులు కాల్పులు జరిపారు. స్మారకం గుడికి దగ్గరలోనే ఉంది. బెంగళూరు వెళ్లేవారు అక్కడి నుంచి గౌరిబిదనూరు చేరుకుంటే రైలు దొరుకుతుంది.