పోర్టబుల్ డైనో: ఎండల్లో నడిపే ముందు, అమ్మకానికి పెట్టే ముందు

మార్చి దాటాక డైనో మీద, అంటే బండి పవర్ కొలిచే మిషన్ మీద, బండి పెట్టడం ఒక పని. అదే ఎండలో, కొనడానికి వచ్చినవాళ్ల కళ్లముందు నడిపి చూపించి డైనోనే అమ్మడం ఇంకో పని. రెండింటిలోనూ చిక్కు తెచ్చేది ఎక్కువగా మిషన్ కాదు, దాని చుట్టూ మనం చేసే ఏర్పాటు.

ముందు చోటు సంగతి. పోర్టబుల్ కదా అని ఫామ్‌హౌస్‌లోనో ఖాళీ ప్లాటులోనో దించేస్తుంటారు. ఫుల్ లోడ్‌లో వరసగా పుల్స్ (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఇంజన్‌ను పై స్పీడు దాకా లాగే పరుగులు) వేస్తే కెటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధిచేసే భాగం) వేడి 600 డిగ్రీలు దాటిపోతుంది. దాని కింద ఎండుగడ్డి ఉంటే అంటుకోవడానికి అగ్గిపుల్ల అక్కర్లేదు. గట్టి నేల, చదునైన నేల చూసుకోండి. పెట్రోలు మంటకు పనికొచ్చే పౌడర్ సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి, బకెట్ నీళ్లు కాదు. ఎండ పడలేక షెడ్డులోకి మారితే షట్టర్ దించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తల తిరిగేదాకా తెలియదు. సైలెన్సర్‌కు గొట్టం తగిలించి పొగను బయటికి పంపాల్సిందే.

హబ్ డైనో అయితే చక్రాలు విప్పి, ఆ బోల్టులకే డైనోను కలిపే అడాప్టర్లు బిగిస్తాం. బండి బలమంతా ఆ నట్ల మీదుగానే పోతుంది. ఇంపాక్ట్ గన్‌తో టకటకా బిగించి వదిలేయకండి. టార్క్ రెంచ్ (బిగింపు ఎంతో చూపే పానా) పెట్టండి, మొదటి పుల్ అయ్యి చల్లబడ్డాక మళ్లీ ఒకసారి చూడండి. చక్రాలు రోలర్ల మీద తిరిగే రకమైతే బండిని కట్టే పట్టీల అంచులు చూడాలి. పోగులు లేచిన పట్టీని ముడేసి వాడేవాళ్లు ఉన్నారు, అలాంటి చోట నేను బండి ఎక్కించను. పాత టైర్లతో వచ్చిన బండినీ ఎక్కించొద్దు. బండికి ఎదురుగా, వెనక, తిరిగే షాఫ్టుల వరసలో ఎవరూ నిలబడకూడదు. వీడియో తీసే కుర్రాళ్లకు ఇది గట్టిగానే చెప్పాలి. కండువాలు, మెడలో వేలాడే ఐడీ కార్డులు పక్కన పెట్టించండి.

రోడ్డు మీద 100 స్పీడులో రేడియేటర్‌కు తగిలే గాలి మన ఫ్యాన్ నుంచి రాదు. రెండో మూడో పుల్‌కల్లా ఇంజన్ పీల్చే గాలి వేడెక్కుతుంది, నాక్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి మండడం) మొదలవుతుంది, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది. కస్టమర్ మాత్రం ‘ట్యూన్ చేశాక పవర్ తగ్గిందేంటి’ అంటాడు. అందుకే పొద్దున్నే మొదలుపెట్టండి. ప్రతి పుల్‌కీ కూలెంట్, ఇన్‌టేక్ టెంపరేచర్లు దాదాపు ఒకే దగ్గర ఉండేలా చూసుకోండి. హైడ్రాలిక్ రకం హబ్ డైనోలో ఆయిల్ వేడి మీద కూడా కన్నుండాలి. గాలి, పెట్రోలు మిశ్రమాన్ని లాంబ్డాలో (సరైన నిష్పత్తిని 1గా పట్టుకునే కొలతలో) చదవడం మంచిది. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకు సరైన నిష్పత్తి 13.5 దగ్గర ఉంటుంది. పాత 14.7ను మనసులో పెట్టుకుని చూస్తే లెక్క తప్పుతుంది.

అసలు తగాదా వచ్చేది కరెక్షన్ దగ్గర, అంటే కొలిచిన పవర్‌ను ఒక ప్రామాణిక వాతావరణానికి మార్చే లెక్క దగ్గర. అందులో ఎస్‌ఏఈ జే1349 అనే ప్రామాణిక లెక్క 25 డిగ్రీల వేడి, 99 కిలోపాస్కల్ పొడిగాలి పీడనం దగ్గర ఇంజన్ ఎంత ఇస్తుందో చెబుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనుంది. మే మధ్యాహ్నం 42 డిగ్రీల్లో ఇక్కడ ఆ గుణకం సుమారు 1.11 వస్తుంది. అదే వేడిలో విజయవాడలో 1.05 దగ్గర ఆగుతుంది. అంటే డైనో కొలిచింది 100 హార్స్‌పవర్ అయితే హైదరాబాద్ షీటు మీద 111 పడుతుంది. టర్బో లేని ఇంజన్‌కు అది న్యాయమే. టర్బో బండిలో ఈసీయూ బూస్ట్ సరిచేసుకుని గాలి లోటును చాలావరకు పూడ్చేస్తుంది. దాని మీద మళ్లీ 11 శాతం కలపడమంటే లేని గుర్రాలను కాగితం మీద కట్టేయడమే. ఎస్‌టీడీ అనే ఇంకో పద్ధతి ఎంచుకుంటే ఏమీ ముట్టుకోకుండానే ఎస్‌ఏఈ కన్నా 4 శాతం దాకా ఎక్కువ వస్తుంది. వాతావరణ సెన్సర్‌ను రేడియేటర్ వేడిగాలికి దగ్గరగా పెట్టారనుకోండి, అది 10 డిగ్రీలు ఎక్కువ చూపితే ఇంకో 2 శాతం పవర్ ఊరికే వచ్చి చేరుతుంది. అందుకే కరెక్షన్ ఉన్న షీటు, లేని షీటు రెండూ ప్రింట్ తీసి, సెన్సర్ ఎక్కడ పెట్టారో చూపించి ఇవ్వండి.

అమ్మేటప్పుడు కొనేవాళ్లకు గ్రాఫులు చూపించడం కన్నా క్యాలిబ్రేషన్ చేసి చూపించండి. లోడ్ సెల్‌కు (బలాన్ని కొలిచే సెన్సర్‌కు) క్యాలిబ్రేషన్ కడ్డీ లాంటి చేయి బిగించి, మీటరు దూరంలో 20 కిలోల బరువు వేలాడదీస్తే స్క్రీన్ మీద 196 న్యూటన్ మీటర్లు రావాలి. బరువు తీసేస్తే సున్నాకు తిరిగి రావాలి. ఇది చూసినవాళ్లు ఇక పెద్దగా బేరమాడరు. ఆ చేయి, బరువులు డైనోతో పాటే ఇచ్చేయండి. అవి లేని డైనో కొనడం నా లెక్కలో దండగ. సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కొత్త యజమాని పేరుకు మారుతుందో లేదో బయానా తీసుకోక ముందే తయారీదారుకు మెయిల్ పెట్టి తేల్చుకోండి. ల్యాప్‌టాప్ కూడా ఇస్తుంటే కస్టమర్ల బండి నంబర్లు, మ్యాప్ (ఈసీయూ ట్యూనింగ్) ఫైళ్లు తుడిచేయాలి.

డెమో మీ బండి మీదే చేయండి. కొనేవాళ్లు తెచ్చిన బండి ఇంజన్ ఆ రోజే పోతే మాట మీ మీదికి వస్తుంది. తప్పదంటే ముందే కాగితం మీద సంతకం తీసుకోండి.

డబ్బు విషయంలో ఒక్కటి గుర్తుంటే చాలు. మీకు డబ్బు రావడానికి మీరు పిన్ కొట్టాల్సిన పని లేదు. ‘క్యూఆర్ కోడ్ పంపాను, స్కాన్ చేయండి సార్’ అన్నాడంటే ఫోన్ పెట్టేయండి. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లు రాయాలి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటి వేరే రాష్ట్రానికి పోతుంటే ఈ-వే బిల్లు కూడా లారీతో వెళ్లాలి. లోడ్ ఎక్కించేటప్పుడు లోడ్ సెల్‌ను విప్పి విడిగా ప్యాక్ చేయండి, ప్రతి కేబుల్‌కూ పేరు రాసిన టేపు అంటించండి. అమ్మకం కాగితంలో క్యాలిబ్రేషన్ రీడింగు, తేదీ రాసి, అక్కడి నుంచి దింపుడు, బిగింపు బాధ్యత కొన్నవారిదేనని ఇద్దరూ సంతకాలు పెట్టాకే లారీ కదలనివ్వండి.