ఇంట్లో ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డ్ ఎలా తయారు చేసుకోవాలి?

అల్లెన్ కీలు, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ వాడటం వస్తే ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డ్‌ను ఇంట్లోనే బిగించుకోవచ్చు. బ్యాటరీ ప్యాక్ ఒక్కటి మాత్రం రెడీమేడ్‌ది కొనండి. మిగతావాటిలో తేడా వస్తే విప్పి మళ్లీ బిగించవచ్చు, లిథియం ప్యాక్‌లో తేడా వస్తే అంటుకుంటుంది.

ముందు బోర్డు సంగతి. 38 నుంచి 40 అంగుళాల లాంగ్‌బోర్డ్ తీసుకోండి. అడుగున బ్యాటరీ పెట్టె వస్తుంది కాబట్టి, ఎక్కి నిలబడితే బాగా ఊగే డెక్ (నిలబడే పలక) వద్దు. చక్రాలు కనీసం 90 మి.మీ. ఉండాలి. మన రోడ్ల మీద కంకర తెలిసిందే. చిన్న చక్రం రాయికి తగిలి ఆగిపోతుంది, పైనున్న మనిషి మాత్రం ఆగడు.

మోటార్ కొనే ముందు కాగితం మీద లెక్క వేసుకోండి. 6374 సైజు మోటార్ అంటే సుమారు 63 మి.మీ. వ్యాసం, 74 మి.మీ. పొడవు. కేవీ అంటే ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ అంకె. 140 కేవీ మోటార్‌కు 36 వోల్టులిస్తే 5,040 చుట్లు. బెల్టు తగిలించే మోటార్ పుల్లీకి 16 పళ్లు, చక్రం పుల్లీకి 36 పళ్లు ఉంటే చక్రం 2,240 చుట్లు తిరుగుతుంది. 90 మి.మీ. చక్రం ఒక చుట్టుకు 28 సెం.మీ. వెళ్తుంది కాబట్టి, గంటకు దాదాపు 38 కి.మీ. ఇది ఖాళీగా తిరిగితే. మనిషి ఎక్కాక 30 దగ్గర ఆగుతుంది, కొత్తవాళ్లకు అదే ఎక్కువ. 190 కేవీ పెడితే ఇదే లెక్క 50 దాటుతుంది. హాల్ సెన్సార్లు (మోటార్ ఏ స్థానంలో ఉందో చెప్పేవి) ఉన్న మోటార్ అయితే ఆగిన చోటు నుంచి కుదుపు లేకుండా కదులుతుంది.

మోటార్ మౌంట్‌ను ట్రక్‌కు (డెక్ అడుగున చక్రాలను పట్టుకునే ఇరుసు భాగం) బిగించాక రెండు పుల్లీలకూ స్కేలు ఆనించి చూడండి. ఒకే వరుసలో లేకపోతే బెల్టు అంచు అరిగిపోతుంది. బెల్టును వేలితో నొక్కితే కొద్దిగా లోపలికి పోవాలి, అంతే. బోల్టులు అదురుకు వదులు కాకుండా నీలం థ్రెడ్ లాకర్ జిగురు రాయడం మర్చిపోవద్దు.

బ్యాటరీకి 10ఎస్4పీ సరిపోతుంది, అంటే సిరీస్‌లో 10, ప్యారలల్‌లో 4 సెల్స్. 3,000 ఎంఏహెచ్ సెల్స్ 40 ఉంటే 36 వోల్టులు, 12 ఆంప్-అవర్లు, అంటే 432 వాట్-అవర్లు. జాగ్రత్తగా నడిపితే పాతిక కిలోమీటర్లు వస్తాయి. ఈ-బైక్ ప్యాకులు చేసేవాళ్లను అడిగేటప్పుడు 'బీఎంఎస్ (ప్యాక్‌ను కాపాడే సర్క్యూట్) ఆగకుండా ఎన్ని ఆంప్స్ ఇస్తుంది?' అని అడగండి. 30కి తగ్గితే వద్దు. కనెక్టర్ ఎక్స్‌టీ90-ఎస్ పెట్టండి, తగిలించినప్పుడు నిప్పురవ్వ రాదు. పెట్టె లోపల ఫోమ్ పరిచి, వైర్లు ఒకదానికొకటి రాసుకోకుండా కట్టండి. రోడ్డు అదురుకు ఇన్సులేషన్ అరిగి షార్ట్ అవుతుంది.

మోటార్‌కు వెళ్లే కరెంట్‌ను అదుపు చేసే కంట్రోలర్‌గా వీఈఎస్‌సీ తీసుకోండి. ఇది స్వీడన్‌కు చెందిన బెంజమిన్ వెడర్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ డిజైన్. దాని సెట్టింగ్‌ల సాఫ్ట్‌వేర్ వీఈఎస్‌సీ టూల్‌కు కలిపి, చక్రాలు గాల్లో ఉండేలా బోర్డును బోర్లించి మోటార్ డిటెక్షన్ (కంట్రోలర్ మోటార్‌ను కొలిచి గుర్తించే పరీక్ష) నడపండి. తర్వాత మోటార్ కరెంట్ 40, బ్యాటరీ కరెంట్ 20, బ్రేక్ వేసినప్పుడు బ్యాటరీలోకి వెళ్లే కరెంట్ మైనస్ 8 ఆంప్స్ దగ్గర మొదలుపెట్టండి. మీ ప్యాక్ చార్జింగ్ పరిమితి 8 కంటే తక్కువైతే ఆ అంకే పెట్టండి.

ఈ బ్రేక్ గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. బ్రేక్ వేస్తే మోటార్ డైనమోలా పనిచేసి కరెంట్‌ను బ్యాటరీలోకి పంపుతుంది. బ్యాటరీ 42 వోల్టులతో నిండుగా ఉంటే దానికి చోటు లేదు. బీఎంఎస్ కట్ చేసేస్తే బ్రేక్ పోతుంది, కంట్రోలర్ కూడా కాలిపోవచ్చు. మీ ఇల్లు గట్టు మీద ఉండి, బయటికి రాగానే దిగుడే అయితే ఫుల్ చార్జ్ పెట్టకండి. 90 శాతంతో బయల్దేరండి.

ఎక్కే ముందు ఇంకో పరీక్ష: చక్రాలు గాల్లో తిరుగుతుండగా, వేగాన్నీ బ్రేక్‌నీ నడిపే చేతి రిమోట్‌ను ఆపేయండి. మోటార్‌కు కరెంట్ వెంటనే ఆగాలి. ఆగకపోతే రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ సెట్టింగ్ సరిచేసేదాకా బోర్డు ఎక్కొద్దు.

మొదటిసారి హెల్మెట్, రిస్ట్ గార్డులు వేసుకుని ఖాళీ స్థలంలో నడపండి. వేగం పెంచేటప్పుడు బరువు ముందు కాలి మీదికి, బ్రేక్ వేసేటప్పుడు వెనక్కి. పబ్లిక్ రోడ్డు సంగతికొస్తే, కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 250 వాట్ల లోపు పవర్, గంటకు 25 కి.మీ. లోపు వేగం ఉన్న చిన్న బ్యాటరీ వాహనాలకే మినహాయింపు ఉంది. ఈ మోటార్ దాన్ని దాటేస్తుంది కాబట్టి కాలనీ లోపలో, క్యాంపస్‌లోనో అనుమతి అడిగి నడుపుకోండి.

మొదటి రైడ్ అయ్యాక బోల్టులన్నీ మరోసారి బిగించి, మోటార్‌ను చేత్తో తాకి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే మోటార్ కరెంట్ 30కి తగ్గించండి.