ఎదిగే వయసు అబ్బాయిల్లో వెరికోసీల్: ఎలా కొలవాలి, ఎప్పుడు ఆపరేషన్ ఆలోచించాలి

వృషణం నుంచి రక్తాన్ని పైకి తీసుకెళ్లే సిరలు ఉబ్బి మెలికలు తిరగడమే వెరికోసీల్. 10 ఏళ్లలోపు పిల్లల్లో అరుదు. యుక్తవయసు వచ్చాక నూటికి సుమారు 15 మందిలో ఉంటుంది. చాలామందిలో ఎడమవైపే వస్తుంది. ఎడమ సిర పొడవు ఎక్కువ, పైగా అది ఎడమ కిడ్నీ సిరలో లంబకోణంలో కలుస్తుంది. సిరలోని కవాటాలు సరిగా మూసుకోకపోతే, నిలబడినప్పుడు రక్తం వెనక్కి జారి కిందే నిలిచిపోతుంది.

ఈ సమస్య ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి ఆపరేషన్ అవసరం పడదు, పెద్దయ్యాక పిల్లలూ పుడతారు. కానీ కొందరిలో ఆ వైపు వృషణం ఎదుగుదల మందగిస్తుంది. ఆ కొందరెవరో ఒక్కసారి చూసి చెప్పలేం. అందుకే కనిపెట్టుకోవలసింది సిరల లావును కాదు, వృషణం ఎదుగుదలను.

పరీక్ష వెచ్చని గదిలో జరగాలి. చలికి వృషణాల తిత్తి ముడుచుకుపోతే సిరలు చేతికి సరిగా అందవు. అబ్బాయిని ముందు నిలబెట్టి చూస్తారు, తర్వాత ఊపిరి బిగబట్టి ముక్కమంటారు, చివరికి పడుకోబెడతారు. ముక్కినప్పుడే తగిలితే గ్రేడ్ 1, మామూలుగా నిలబడినా చేతికి తగిలితే గ్రేడ్ 2, చర్మం మీదుగా కంటికే కనిపిస్తే గ్రేడ్ 3. గ్రేడ్ పెద్దదైనంత మాత్రాన ఆపరేషన్ చేయాలని కాదు. ఏం చేయబోతున్నారో అబ్బాయికి ముందే చెప్పి, సరేనన్నాకే పరీక్ష చేయాలి. ఈ వయసులో సిగ్గు సహజం. మొదటిసారే ఇబ్బంది పడితే మళ్లీ రానంటాడు.

పడుకున్నాక ఉబ్బు తగ్గాలి. తగ్గకపోయినా, కుడివైపు మాత్రమే ఉన్నా, ఉన్నట్టుండి వచ్చినా పొట్టకు అల్ట్రాసౌండ్ తీయించాలి. కిడ్నీ గడ్డో, సిరలో రక్తం గడ్డకట్టడమో పైన దారిని అడ్డుకుంటూ ఉండవచ్చు.

ఇక కొలత. వృషణాన్ని పూసలతో పోల్చి చూసే, పూసల దండలా ఉండే ఆర్కిడోమీటరుతో అంచనా దొరుకుతుంది గానీ, చిన్న తేడాలు పట్టాలంటే అల్ట్రాసౌండే కావాలి. పొడవు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో తీసుకుని, మూడింటినీ గుణించి, మళ్లీ 0.71తో గుణిస్తే మిల్లీలీటర్లు వస్తాయి. కుడి వృషణం 3.6 × 2.2 × 2.0 అయితే 11.2 మి.లీ. ఎడమది 3.2 × 2.0 × 1.9 అయితే 8.6 మి.లీ. తేడా 2.6. దాన్ని కుడివైపు కొలతతో భాగించి 100తో గుణిస్తే 23 శాతం.

తికమక ఎక్కువగా ఇక్కడే వస్తుంది. కొన్ని యంత్రాలు 0.71 బదులు 0.52 వాడతాయి. అప్పుడు అదే కుడి వృషణం 8.2 మి.లీ. అని రిపోర్టులో వస్తుంది. పోయినసారి 11.2, ఈసారి 8.2 చూసి వృషణం కుంచించుకుపోయిందని కంగారు పడతారు, నిజానికి అక్కడ ఏమీ మారలేదు. శాతంలో తేడా రాదు గానీ, మి.లీ. తేడా 2.6 నుంచి 1.9కి పడిపోతుంది. కాబట్టి ప్రతిసారీ ఒకే చోట, వీలైతే ఒకే నిపుణుడితో తీయించండి. రిపోర్టులో మూడు కొలతలూ విడివిడిగా రాయమని అడగండి, అవి ఉంటే లెక్క ఎప్పుడైనా సరిచూసుకోవచ్చు. రెండువైపులా వెరికోసీల్ ఉంటే రెండో వృషణాన్ని ప్రమాణంగా తీసుకోలేం, మొత్తం పరిమాణం వయసుకు తగ్గట్టు పెరుగుతోందా అన్నదే చూడాలి.

తేడా లేకపోతే ఏడాదికోసారి చూపిస్తే చాలు. 20 శాతం గానీ 2 మి.లీ. గానీ దాటితే ఆరు నెలలకు మళ్లీ కొలవాలి. ఎదిగే వయసులో రెండు వృషణాలూ ఒకే వేగంతో పెరగవు, వెనకబడినది తర్వాత దానంతటదే అందుకోవడం తరచూ జరుగుతుంది. రెండోసారి కూడా తేడా అలాగే ఉంటేనో, పెరిగితేనో ఆపరేషన్ మాట రావాలి. తగ్గని నొప్పి, రెండువైపులా చేతికి తగిలే వెరికోసీల్, రెండో వృషణంలో వేరే లోపం ఉన్నా ఆలోచించాలి.

వీర్య పరీక్ష ఎదుగుదల పూర్తయ్యాకే, అంటే 18 ఏళ్ల ప్రాంతంలో, అబ్బాయి ఇష్టంతో చేయించాలి. అంతకుముందు చేయిస్తే అంకెలు సహజంగానే తక్కువ వచ్చి అనవసర భయం పుడుతుంది. వీర్యస్ఖలనం లేకుండా 2 నుంచి 7 రోజులు ఆగాక నమూనా ఇవ్వాలి. ఒకసారి తక్కువ వస్తే కొన్ని వారాలాగి మళ్లీ చేయించాకే నిర్ణయం తీసుకోవాలి.

సాయంత్రానికి బరువుగా, లాగినట్టు అనిపించే నొప్పికి బిగుతుగా పట్టి ఉంచే లోదుస్తులు, కాసేపు పడుకోవడం, అవసరమైతే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ సరిపోతాయి. ఆటలు మానక్కర్లేదు. కానీ ఒక్కసారిగా విపరీతమైన నొప్పి వచ్చి, వాంతి, వాపు ఉంటే వెరికోసీలేలే అని ఊరుకోకండి. వృషణం మెలిపడి ఉండవచ్చు. ఆరు గంటలు దాటేకొద్దీ దాన్ని కాపాడటం కష్టమవుతుంది, వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

ఆపరేషన్ దాకా వస్తే, సూక్ష్మదర్శిని కింద గజ్జ దగ్గర చిన్న కోతతో సిరలను కట్టే పద్ధతిలో తిరగబెట్టడం, నీరు చేరడం రెండూ తక్కువ. ధమనినీ, కణజాలాల్లోని నీటిని తీసుకెళ్లే లింఫు నాళాలనూ గుర్తించి వదిలేయడమే ఇందులోని మేలు. పొట్టలో చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే లాప్రోస్కోపీలో లింఫు నాళాలు తెగితే వృషణం చుట్టూ నీరు చేరి హైడ్రోసీల్ వస్తుంది. ఇది నెలల తర్వాత కూడా బయటపడవచ్చు కాబట్టి, కుట్లు మానాయి కదా అని చూపించడం మానొద్దు. రక్తనాళం గుండా గొట్టం పంపి సిరను మూసే పద్ధతిలో కోత ఉండదు, హైడ్రోసీల్ దాదాపు రాదు, కానీ కొందరిలో గొట్టం సిరలోకి చేరదు. డాక్టరును అడగవలసిన ప్రశ్న ఇది: ఈ వయసు పిల్లలకు మీరు ఎక్కువగా చేసే పద్ధతి ఏది, అందులో లింఫు నాళాలను వదిలేస్తారా?

ఆపరేషన్ అయ్యాక రెండు మూడు వారాలు బరువులు ఎత్తకూడదు. ఉబ్బిన సిరలు కొంతకాలం చేతికి తగులుతూనే ఉంటాయి, అంతమాత్రాన విఫలమైనట్టు కాదు. అల్ట్రాసౌండ్ ఆపరేషన్ అయిన ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి మరోసారి తీసి, అవే మూడు కొలతలతో పాతవాటిని పోల్చాలి. వీర్య పరీక్ష అవసరమైతే కనీసం మూడు నెలలు ఆగాలి, వీర్యకణాలు తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది.