కొలరాడో కొండల్లో అడవి లార్క్‌స్పర్‌ను గుర్తుపట్టడం

లార్క్‌స్పర్ అంటే అమెరికాలోని కొలరాడో కొండల్లో పెరిగే విషపు పూలమొక్క, శాస్త్రీయ నామం డెల్ఫీనియం. మీకు కనిపించిన మొక్క ముందు లార్క్‌స్పర్ అవునో కాదో తేల్చుకోండి. పువ్వు వెనక పైరక్షకపత్రం (బయటి వరుసలోని పై రేకు) సన్నని కొమ్ములా సాగి ఉంటే లార్క్‌స్పర్. కొమ్ము లేకుండా పైన టోపీలా కప్పి ఉంటే అది మాంక్స్‌హుడ్ అనే, దాన్ని పోలిన వేరే మొక్క. పూలు రాకముందు ఆకులు చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. అప్పుడు కాండం అడ్డంగా కోయండి: పొడుగు లార్క్‌స్పర్‌ది బోలుగా ఉంటుంది, మాంక్స్‌హుడ్‌ది లోపల నిండుగా ఉంటుంది. రెండూ విషమే కాబట్టి గ్లవ్స్ లేనిదే ముట్టుకోవద్దు.

తర్వాత ఎత్తు. మంచు కరగగానే, మోకాలి ఎత్తు దాటకుండా పూసేది సాధారణంగా డెల్ఫీనియం నటాలియానం. దీని కాండం మొదలు దగ్గర సన్నబడి, కాస్త లాగితే చాలు, దుంపవేరును వదిలేసి ఊడి వస్తుంది. నడి వేసవిలో తడి నేలల్లో మీటరు దాటి గుంపులుగా పెరిగేది డెల్ఫీనియం బార్బేయి. దీనికి అసలైన గుర్తు పూగుత్తిలో ఉంటుంది. 10ఎక్స్ భూతద్దంతో పూకాడలు చూడండి, పసుపుపచ్చని జిగురు రోమాలు కనిపిస్తాయి. పూలు ముదురు ఊదా. కాడలు నున్నగా, కాండం మీద బూడిద పూత ఉంటే డెల్ఫీనియం గ్లాకమ్ వైపు ఆలోచించాలి.

రంగును నమ్ముకుంటే మాత్రం దెబ్బతింటారు. ఒకే జాతిలో తెల్లపూలూ వస్తాయి, ఎండిన నమూనాలో రంగు మారిపోతుంది. పైగా పొడుగు జాతులు పక్కపక్కన పెరిగితే సంకరాలు (రెండు జాతులు కలిసిన మొక్కలు) పుడతాయి. అలాంటిచోట ఒక్క మొక్కతో తేల్చకుండా, గుంపులో నాలుగైదింటి పూకాడలు చూడండి.