కరాటేలో కొత్తగా చేరి భయపడుతున్నారా? ఇలా మొదలుపెట్టండి

క్లాసులో చేరిన కొత్తలో అందరూ మననే చూస్తున్నారు అనిపిస్తుంది కదా, ఎవరూ చూడరండీ, పక్కనున్న ఎల్లో బెల్ట్ వాడికి వాడి కాళ్ళ గోలే సరిపోతుంది. బెల్ట్ చూసి బెదిరిపోవడం కూడా వద్దు, కరాటే పుట్టిన జపాన్ దీవి ఒకినావాలో పాతకాలంలో అసలు బెల్టులే లేవు, జూడోలో ఉన్న పద్ధతి తీసుకుని కరాటే మాస్టర్ ఫునకోషి 1924లో మొదటి బ్లాక్ బెల్టులు ఇచ్చాడు.

నన్నడిగితే కరాటేలో కాన్ఫిడెన్స్ అంటే నెక్స్ట్ ఏం చెయ్యాలో బాడీకి తెలిసి ఉండడం, అంతే. అందుకే ముందు కాళ్ళు సరిచేసుకోండి. జెన్కుత్సు దాచి, అంటే ముందు మోకాలు వంచి వెనక కాలు చాచి నిలబడే స్టాన్స్‌లో చాలామంది ఊగిపోతారు, ఎందుకంటే రెండు పాదాలూ తాడు మీద నడిచినట్టు ఒకే గీతలో పెట్టేస్తారు. మధ్యలో నడుం వెడల్పు గ్యాప్ ఉంచి చూడండి, ఊగడం చాలావరకు తగ్గుతుంది. ఆ తర్వాతే పంచ్, అదీ స్లోగా, ఒక చెయ్యి ముందుకెళ్తుంటే రెండోది నడుం దగ్గరికి లాగుతూ. స్పీడ్ దానంతటదే వస్తుంది.

కటా, అంటే ఒక వరసలో ఒంటరిగా చేసే మూవ్‌లు, ఆ పేరు వింటేనే కొందరికి చెమటలు. షోటోకాన్ అనే కరాటే స్టైల్‌లో మొదట్లో నేర్పే హెయాన్ షోడాన్ అనే కటాలో ఉన్నవి 21 మూవ్‌లు, అందులో ఎక్కువభాగం మీరు రోజూ చేసే బ్లాకులూ పంచ్‌లే మళ్ళీ మళ్ళీ వస్తాయి. పైగా ఈ హెయాన్ కటాలు ఇటోసు అనే ఒకినావా మాస్టర్ స్కూల్ పిల్లల కోసం తయారుచేసినవి, కాబట్టి మనకి రాకపోవడం ఏంటి! ఒకేసారి మొత్తం కాకుండా ఈరోజు మొదటి కియాయ్ (దెబ్బతో పాటు వేసే అరుపు) దాకా, అది కుదిరాక రెండో కియాయ్ దాకా నేర్చుకోండి, మధ్యలో మర్చిపోతే మొదటికి రాకుండా గుర్తున్న చోట అందుకుని ముందుకే వెళ్ళండి, లేకపోతే మొదటి సగం బాగా వచ్చి రెండో సగం ఎప్పటికీ పచ్చిగానే ఉండిపోతుంది.

కియాయ్ అంటే సిగ్గుపడేవాళ్ళు ముందు సౌండ్ లేకుండా పొట్ట బిగించి గాలి గట్టిగా వదలడం ప్రాక్టీస్ చెయ్యండి, తర్వాత దానికి గొంతు కలపండి. అందరూ కలిసి అరిచేటప్పుడు మొదలుపెడితే ఇంకా ఈజీ.

ఇక అసలు భయం కుమితే, అంటే ఎదుటివాడితో తలపడే ప్రాక్టీస్. మొదటిరోజే ఎవరూ మిమ్మల్ని ఫ్రీ ఫైట్‌లోకి తొయ్యరు, తొయ్యకూడదు కూడా. చాలా డోజోల్లో (కరాటే నేర్పే చోట్లలో) గోహోన్ కుమితేతో మొదలుపెడతారు, ఎదుటివాడు ముఖమా పొట్టా అన్నది ముందే చెప్పి ఐదు అడుగులు వేస్తూ ఐదు పంచ్‌లు ఇస్తాడు, మీరు వెనక్కి జరుగుతూ బ్లాక్ చేసి చివర్లో ఒక కౌంటర్ ఇస్తారు. ఏం రాబోతోందో మీకు ముందే తెలుసు, ఇక్కడ నేర్చుకోవాల్సిందల్లా కళ్ళు మూసుకోకుండా ఉండడం. పిడికిలిని చూస్తే కళ్ళు వాటంతటవే మూసుకుపోతాయి, పార్ట్‌నర్ ముఖం, భుజాల వైపు చూడండి. మరీ ఫాస్ట్‌గా వస్తుంటే "కొంచెం స్లోగా రా" అని అడగండి, అందులో నామోషీ ఏమీ లేదు, దెబ్బ తగిలితే మాత్రం అక్కడే ఆగి సెన్సేకి, అంటే మీ టీచర్‌కి చెప్పండి.

సెన్సే ఒకేసారి నాలుగు తప్పులు చెప్తే అన్నీ పట్టుకోకండి, "ఓస్" (సరే అన్నట్టు) అని, ఆ క్లాసు మొత్తం ఒక్కదాని మీదే దృష్టి పెట్టండి, మిగతావి ఆయన ఎలాగూ మళ్ళీ చెప్తారు.