పడిన చెట్టు నుంచి పలక దాకా – 3వ పాఠం: తొలి కోత

గత పాఠంలో ఒరిగిన చెట్టును వేరుగడ్డ నుంచి విడదీశాం, కొమ్మలు కొట్టాం, దుంగలుగా తెంపి రెండు కొసలకూ పెయింటు పూశాం. ఇప్పుడు దుంగను పొడవునా కోయాలి. ఈ పాఠం దాదాపుగా ఒక్క కోత గురించే. అది సమంగా పడితే కింది పలకలన్నీ సమంగా వస్తాయి. అది మెలిక తిరిగితే ఆ మెలిక చివరి పలక దాకా దిగుతుంది.

లెక్క చూపడానికి వేప దుంగ తీసుకుందాం. వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు గాలివానకు గట్ల మీద, వాకిళ్లలో తరచూ పడేది వేపే. దుంగ పొడవు 7 అడుగులు. బెరడు తీశాక మొదలు వైపు అడ్డం 20 అంగుళాలు, కొన వైపు 16. పచ్చి మీద బరువు మూడు వందల కిలోలు దాటుతుంది.

ముందు తేల్చుకోవాల్సింది, దీన్ని ఇక్కడే కోయాలా, మిల్లుకు తోలాలా అని. మిల్లులో బ్యాండ్ రంపం కోతకు ఒక్క నూలు లోపే తింటుంది. చైన్ రంపం మూడు నూళ్లు తింటుంది (అంగుళానికి ఎనిమిది నూళ్లు). మన దుంగలో అంగుళంపావు పలకలు తీస్తే, ఆ తేడాకే ఒక పలక పొట్టులో కలుస్తుంది. కాబట్టి ట్రాక్టర్ దుంగ దాకా వస్తే, ఎత్తేందుకు మనుషులుంటే, మిల్లే మేలు. టేకైతే పర్మిట్ లేకుండా బండి కదలకూడదని మొదటి పాఠంలో చెప్పాం. మిల్లులో ఘనపుటడుగుల లెక్క చూసి కంగారు పడొద్దు. నడుమ చుట్టుకొలతలో నాలుగో వంతు తీసి, దాన్ని దానితోనే గుణించి, మళ్లీ అడుగుల పొడవుతో గుణించి, 144తో భాగించే పద్ధతి అది. మన దుంగ చుట్టు సుమారు 56 అంగుళాలు, నాలుగో వంతు 14. 14×14×7÷144 అంటే 9.5. నిజంగా దుంగలో ఉన్నది 12 పైనే. గుండ్రటి దుంగలో చెక్కుడుకు (పలక రాని, బెరడు వైపు గుండ్రటి ముక్కకు) పోయేదాన్ని ముందే తీసేసే లెక్క కనుక అలా వస్తుంది.

దుంగ మాగాణి మధ్యలోనో వాగు గట్టునో ఉండి బండి రాకపోతే, చైన్ రంపానికి ఫ్రేమ్ (కోత ఒకే లోతులో పోయేలా పట్టే చట్రం) బిగించి అక్కడే కోయాలి. ఇక్కడి నుంచి చెప్పేదంతా దానికే. ఇంజిన్ 70 సీసీకి తగ్గొద్దు. ఫ్రేమ్ బిగింపుకే బారులో (చైన్ తిరిగే ఇనుప పట్టీలో) నాలుగు అంగుళాల దాకా పోతుంది కాబట్టి 20 అంగుళాల దుంగకు బారు 24 అంగుళాలన్నా కావాలి. చైన్ కూడా మారాలి. అడ్డకోత చైన్ పళ్లు 30 డిగ్రీల వాలుతో ఉంటాయి. అదే చైన్ పొడవు కోతకు పెడితే ఇంజిన్ మూలుగుతుంది, పలక మీద గీరలు పడతాయి. ఆకురాయితో పళ్లను 10 డిగ్రీలకు తెచ్చుకోవాలి.

దుంగను మోకాలెత్తు దిమ్మెల మీద పెట్టి, రెండు పక్కలా చీలలు కొట్టి కదలకుండా చేయండి. ఏ వైపు పైకి రావాలన్నది ఇప్పుడే చూసుకోవాలి. మొదట కొస ముఖం మీది పగులు చూడండి. నడి బెండు (కాండం మధ్యలోని మెత్తటి చుక్క) నుంచి బయటికి పెద్ద పగులు ఒకటి పారి ఉంటే, అది నేలకు సమాంతరంగా పడుకునేలా దుంగను తిప్పండి. అప్పుడు పగులు నడి పలకలోనే ఉండిపోతుంది. నిలువుగా ఉంచి కోస్తే ప్రతి పలకా మధ్యలో రెండు ముక్కలే. తర్వాత వంపు. దుంగ విల్లులా వంగి ఉంటే ఆ వంపు పైకో కిందికో కాక పక్కకు ఉండాలి. అంచు వంకర వచ్చినా పలక నిండు పొడవు దక్కుతుంది, అంచును తర్వాత సరిచేసుకోవచ్చు. వంపు పైకి ఉంటే మొదటి రెండు పలకలు పొట్టివిగా తెగిపోతాయి. పగులు ఒక మాట, వంపు ఒక మాట చెబితే పగులు మాటే వినండి.

ఇప్పుడు కొలత. బెరడును నమ్మొద్దు, బెండును నమ్మాలి. దుంగ ఒక కొస లావు, ఒక కొస సన్నం. బెరడు వెంట కోస్తే బెండు ఒక్క నడి పలకలో ఉండక, ఏటవాలుగా పక్క పలకల్లోకి దాటుతుంది. ఒరిగి పెరిగిన చెట్టుకైతే బెండు నట్టనడుమ ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. మన దుంగలో నడుమనే ఉందనుకుందాం. రెండు కొసల ముఖాల మీదా బెండు చుక్క గుర్తించి, దానికి సరిగ్గా 6 అంగుళాల పైన రసమట్టం పెట్టి అడ్డగీత గీయండి. తొలి కోత ఆ రెండు గీతల మీదుగా పోవాలి. మొదలు వైపు 4 అంగుళాల చెక్కుడు లేస్తుంది, కొన వైపు 2.

ఫ్రేమ్ జారడానికి పైన పట్టాలు కావాలి. 2×2 అంగుళాల స్క్వేర్ పైపులు రెండు, ఒక్కోటి 9 అడుగులు. దుంగకు అటో అడుగు ఇటో అడుగు మిగలాలి. మిగల్చకపోతే కోత మొదట్లోనూ చివర్లోనూ ఫ్రేమ్ ముక్కు వాలి, పలక కొసలు పలచబడతాయి. కొత్తగా నేర్చుకునేవారి పలకల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

పైపుల పైముఖం రెండు కొసల్లోనూ బెండుకు పన్నెండున్నర అంగుళాల ఎత్తున ఉండాలి. అంటే మొదలు వైపు పైపు కింద అర అంగుళం అడ్డచెక్క, కొన వైపు రెండున్నర అంగుళాలది. ఫ్రేమ్ లోతు ఆరున్నర పెడితే కోత గీత మీదికి వస్తుంది. అడ్డచెక్కలు బెరడు మీద కూర్చోకూడదు, అక్కడ బెరడు పూర్తిగా ఒలిచేయండి. వాటిని నడుమనే స్క్రూలతో బిగించండి. స్క్రూ పొడవు చూసుకోవాలి. కొన వైపు చెక్కుడు మందం నడుమ రెండు అంగుళాలే, కాబట్టి స్క్రూ దుంగలోకి ఒక అంగుళం మించి దిగొద్దు. దిగితే చైన్ దానికి తగిలి పళ్లు ఒక్క క్షణంలో పోతాయి.

పైపులు బిగించాక రెండు కొసల్లో అడ్డంగా రెండు తిన్నని రీపర్లు పెట్టి, ఒక కొస నుంచి కన్ను దించి చూడండి. రెండు రీపర్ల అంచులూ ఒకే గీతలో కనిపించాలి. ఒకటి ఎడమకు లేచి కనిపిస్తే పైపులు మెలిక తిరిగినట్టే, దాని దిగిన వైపు పలచటి చెక్క పెట్టి సరిచేయండి. నడుమ పైపు కుంగుతుందేమో ఒకసారి కూర్చుని చూసి, కుంగితే అక్కడా ఒక ఆసరా ఇవ్వండి. ఇదంతా గంట పని. కోత పావుగంట.

కోసేముందు మరో పని. ఊళ్లో వేపకు మేకులు తప్పవు. ఫ్లెక్సీలు కట్టినవీ, పశువుల తాడు వేసినవీ, కంచె తీగ మింగినవీ ఉంటాయి. కొస ముఖం మీద నీలినలుపు మరక కనిపిస్తే లోపల ఇనుము ఉన్నట్టే. కర్రలోని వగరుకు ఇనుము తగిలితే ఆ రంగు వస్తుంది. తుమ్మలో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. మరక ఉన్న అడుగు, అడుగున్నర భాగాన్ని తెంపేయడమే చవక.

ఇంజిన్‌ను పూర్తి వేగానికి తెచ్చాకే చైన్‌ను కర్రలోకి పంపండి. నెట్టొద్దు, ఫ్రేమ్ తన బరువుతో జరిగేలా ఆనండి. రెండడుగులు కోశాక వెనుక చీలికలో ఒక కర్ర చీల, తర్వాత ప్రతి రెండడుగులకూ ఒకటి పెట్టండి, లేదంటే చెక్కుడు వాలి బారును పట్టేస్తుంది. ఇనుప చీలలు వాడొద్దు. పొట్టును చూస్తుండండి. రవ్వలా రాలుతుంటే చైన్ బాగుంది, పిండిలా వస్తుంటే మొద్దుబారింది. మొద్దు చైన్‌తో నెట్టితే కోత ఒక పక్కకు దిగుతుంది, బారు కాలుతుంది. రెండు మూడు పలకలకోసారి ఆకురాయి పట్టాల్సిందే. కోత అయ్యాక ఇంజిన్‌ను వెంటనే ఆపకుండా ఒక నిమిషం నెమ్మదిగా తిరగనివ్వండి. గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడితే పొగా, చేదు పొట్టూ ముందుకు పోతాయి. ముక్కుకు మాస్కు, చెవులకు మూతలు తప్పనిసరి.

చెక్కుడు తీశాక పైపుల అవసరం లేదు, ఆ చదునైన ముఖమే పట్టా. ఫ్రేమ్ లోతు అంగుళంపావుకు దించి మూడు పలకలు తీయండి. అప్పటికి బెండుకు అంగుళం పైకి చేరతాం. అక్కడ ఆపి, గడ్డపారతో దుంగను సగం తిప్పండి. కింది చెక్కుడు ఇప్పుడు పైకి వస్తుంది. దానికి కూడా పట్టాలు మళ్లీ బిగించి తీయాల్సిందే, బద్ధకించొద్దు. ఒకే వైపు నుంచి కోసుకుంటూ పోతే లోపలి బిగువు ఒక పక్కే వదిలి, మిగిలిన దుంగ విల్లులా లేస్తుంది, పలక నడుమ ఒక మందం, కొసల్లో ఒక మందం వస్తుంది. నీలగిరిలో ఇది మరీ ఎక్కువ. ఆ వైపు నుంచి మూడు పలకలు తీస్తే, నడుమ రెండుంపావు అంగుళాల పలక మిగులుతుంది. బెండు, పగులు అన్నీ అందులోనే. దాన్ని తర్వాత బెండు పక్కలా చీల్చి గడపలకో కాళ్లకో వాడొచ్చు, నిండు పలకగా ఆరబెడితే మాత్రం తప్పక పగులుతుంది.

గాలికి పడిన చెట్టులో ఇంకో చిక్కుంది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి–మేడారం అడవిలో ఒక్క గాలికి వేల చెట్లు నేలకొరిగాయి. అంత గాలిలో కాండం వంగినప్పుడు నారకు అడ్డంగా, వెంట్రుకలాంటి చిట్లు పడొచ్చు. బయటికి కనిపించవు. కోసిన పలకను తడిపి, ఎండలో ఏటవాలుగా పట్టి చూస్తే సన్నని అడ్డగీతగా తేలతాయి. అలాంటి పలకను ఒత్తితే బిస్కట్టులా విరుగుతుంది. దూలానికి, నిచ్చెనకు, మంచపు పట్టెలకు వాడొద్దు, చిన్న ముక్కలు చేసుకోండి.

తీసిన ఆరు పలకల మీద దుంగలో ఉన్న వరసలోనే 1 నుంచి 6 దాకా సుద్దతో అంకెలు వేయండి. ఎండలో నేల మీద వదలకుండా ఆ రోజే నీడకు చేర్చండి. వచ్చే పాఠంలో వాటి మధ్య రీపర్లు వేసి పేర్చడం, పురుగుకు బోరాక్స్ పూయడం చూద్దాం. అప్పటికి ప్రతి పలక మందం మూడు చోట్ల, రెండు కొసల్లోనూ నడుమా కొలిచి రాసి పెట్టుకోండి. ఒక నూలుకు మించి తేడా ఉంటే పట్టాలు ఎక్కడ కుంగాయో ఆ అంకెలే చూపిస్తాయి.